ఏ నీళ్ళలో ముంచారు? – తెలుగు బాప్టిస్టు మిషన్ చరిత్ర రచన మీద

తెలుగు బాప్టిస్టు మిషన్ గురించి వచ్చిన ఏ పుస్తకం తెరిచినా ఒక అంకె ఎదురొస్తుంది: 2,222. 1878 జూలై 3న ఒంగోలుకు ఉత్తరాన వెల్లంపల్లి దగ్గర, గుండ్లకమ్మ ఏట్లో, ఒక్క పగటిపూట బాప్తిస్మం పొందినవాళ్ళు ఇంతమంది. ముందురోజునూ మర్నాటినీ కలుపుకుంటే 3,536. అప్పటి అమెరికా బాప్టిస్టులు దీన్ని యెరూషలేములోని పెంతెకొస్తు దినంతో పోల్చి సంబరపడ్డారు. మన పాస్టర్లు ఇప్పటికీ ఉజ్జీవ సభల్లో ఈ అంకె చెప్పి స్తోత్రం అనిపిస్తారు. అంకె మీద నాకు తగాదా లేదు. తలలు లెక్కపెట్టినవాళ్ళు నిజాయితీగానే లెక్కపెట్టి ఉంటారు. తగాదా అంతా ఆ పుస్తకాల్లో దేనికి బరువు దక్కింది, దేనికి దక్కలేదు అన్నదాని మీద. దక్కనివాటిలో మొదటిది నీళ్ళు.

బాప్టిస్టులకూ మిగతా మిషన్లకూ ఉన్న తేడా ఏమిటని పల్లెలో ఎవర్నడిగినా ఒకటే చెప్తారు. వాళ్ళు చిలకరిస్తారు, మనం ముంచుతాం. గుంటూరు లూథరన్లకు గానీ, కడప లండన్ మిషన్‌కు గానీ, రోమన్ కాథలిక్కులకు గానీ ఒక గిన్నెడు నీళ్ళు చాలు. ఆ గిన్నె పల్లె లోపలే, గుడి నాలుగు గోడల మధ్యే ఉంటుంది. ఊరికి దాంతో పనిలేదు. బాప్టిస్టుకు అట్లా కుదరదు. మనిషిని వెల్లకిలా నీళ్ళలో పూర్తిగా ముంచి లేపాలంటే నడుము లోతు నీళ్ళు కావాలి. చెరువు కావాలి, కాలవ కావాలి, వాగు మడుగు కావాలి, లేదా దిగుడుబావి కావాలి. ఊరి చెరువులో కడవ ముంచితేనే మైలపడుతుందన్న దేశంలో ఒక మాదిగ మనిషిని నిలువెల్లా ముంచాలంటే ముందు నీళ్ళు వెతుక్కోవాలి.

ఈ నియమం అమెరికా నుంచి వచ్చింది. అక్కడ అది శిశువులకు బాప్తిస్మం ఇవ్వొచ్చా, పెద్దయి నమ్మినవాళ్ళకే ఇవ్వాలా అనే వేదాంత తగాదా. నెల్లూరు జిల్లాకొచ్చేసరికి అదే నియమం కులం తగాదా అయి కూర్చుంది. దొరలు కావాలని అట్లా చెయ్యలేదు. వాళ్ళకు తెలియకుండానే, వాళ్ళ సిద్ధాంతం మన ఊళ్ళలో అతి సున్నితమైన చోట చెయ్యి పెట్టింది. మిషన్ చరిత్రలను ఈ వైపు నుంచి చదివితే ఏం కనపడుతుందో చూడటం ఈ వ్యాసం పని.

నేను చదువుతున్నది జలదంకి వైపు నుంచి. పేరులో జలం ఉంది గానీ ఇది మెట్ట ప్రాంతం. అటు కావలి, ఇటు కలిగిరి, వింజమూరు, ఉదయగిరి. చెరువుల మీద, బావుల మీద బతికిన ఊళ్ళు. 1840లో శామ్యూల్ డే నెల్లూరులో మిషన్ పెట్టాడు. 1866లో జాన్ క్లౌ ఒంగోలు వెళ్ళాడు. మనవైపు ఉదయగిరిలో స్టేషన్ 1885లో, కావలి, ఆత్మకూరుల్లో 1893లో వచ్చాయి. అంటే పెద్ద అంకెలన్నీ వచ్చేశాక మన వంతు వచ్చింది. అందుకే చరిత్రల్లో మన పడమటి మెట్టకు దక్కినవి కొన్ని పేజీలు. ఒంగోలుకు గుండ్లకమ్మ ఉంది, నెల్లూరుకు పెన్న ఉంది. ఏరు ఏ ఒక్క ఊరి సొంతమూ కాదు. ఒక మైలు అవతల, ఎవరూ దిగని రేవులో ఎవరు మునిగినా పెద్దగా పట్టించుకోరు. చెరువు అట్లా కాదు. చెరువుకు ఊరుంది, కట్ట ఉంది, నీరుగట్టు ఉన్నాడు, కాపులున్నారు, ఎవరు ఎక్కడ దిగాలో కట్టుబాటు ఉంది. వెల్లంపల్లిలో 2,222 మంది మునిగి లేచారు, సరే. వాళ్ళు తిరిగి తమ ఊళ్ళకు పోయాక, మరుసటి ఏడు వాళ్ళ పిల్లలు, తమ్ముళ్ళు నమ్మినప్పుడు ఎక్కడ ముంచారు? ఒంగోలు కథలో ఈ ప్రశ్న దాక్కుంటుంది, మెట్ట కథలో దాక్కోలేదు.

ముందు డేవిడ్ డౌనీ పుస్తకం సంగతి. 1873 నుంచి నెల్లూరులో పనిచేసిన ఈ దొర 1893లో మిషన్ చరిత్ర రాసి దానికి 'ఒంటరి నక్షత్రం' అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. ఆ పేరు 1853 ఆల్బనీ సభలోది. మిషన్ల పటం మీద బర్మాలో గుంపుగా చుక్కలుంటే ఇటువైపు నెల్లూరు ఒక్కటే చుక్క. దాన్ని మూసేద్దామా, ఉంచుదామా అని అక్కడ వాదించుకున్నారు. డౌనీ కథ ఈ నాటకం మీద నడుస్తుంది. పాతికేళ్ళు ఫలితం లేదు, ఓర్పు పట్టారు, తర్వాత పంట వచ్చింది. చదవడానికి బాగుంటుంది. అయితే ఆ పాతికేళ్ళ వైఫల్యం ఎవరి వైఫల్యం? నమ్మకం నిలవాలంటే పెద్దకులాల నుంచి మొదలుకావాలన్న ఆశ ఆ కాలం మిషనరీలందర్నీ పట్టి నడిపింది. నీళ్ళున్నవాడి దగ్గరికి నీళ్ళు పట్టుకుపోయిన పని అది. డౌనీకి ఒక్కో స్టేషన్ ఒక దొర పేరు, ఒక ఏడాది, ఒక సభ్యుల సంఖ్య. ఉదయగిరి కూడా అంతే. పుస్తకం మనకు పనికిరాదని కాదు. తేదీలకు దానికి మించింది లేదు. తేదీల మధ్య నడిచినవాళ్ళే అందులో పలచగా ఉంటారు.

క్లౌ ఆత్మకథ ఇంకో రకం. ఆయన 1910లో చనిపోయాడు. ఆయన చెప్పగా భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ రాసిన పుస్తకం 1914లో వచ్చింది. క్రైస్తవం సాంఘికంగా ఎట్లా పనిచేసిందో చెప్పాలన్నది దాని ఉద్దేశం. ఈ ఎమ్మా, అమెరికా సామాజిక సువార్త ఉద్యమంలో పేరున్న వాల్టర్ రౌషెన్‌బుష్‌కు అక్క. బెర్న్‌లో డాక్టరేట్ చేసి మేరీ వోల్‌స్టన్‌క్రాఫ్ట్ మీద పుస్తకం రాసిన మనిషి. ఒంగోలు బంగళాలో ఇంత చదువుకున్న దొరసాని ఉందన్న సంగతి మనవాళ్ళు చెప్పుకోరు. 'క్లౌ దొరగారి భార్య' అని వదిలేస్తారు.

ఆ పుస్తకంలో ప్రసిద్ధమైన ఘట్టం ఒకటుంది. ఒంగోలులో క్లౌ బడికి బ్రాహ్మణ పిల్లలు వస్తున్నారు. ఇంతలో పల్లెల నుంచి మాదిగలు వచ్చి మేమూ చేరతామన్నారు. వాళ్ళను చేర్చుకుంటే మేం ఉండమని పెద్దకులాల వాళ్ళు తెగేసి చెప్పారు. ఏం చెయ్యాలో తోచక క్లౌ ఒక గదిలో, ఆయన మొదటి భార్య ఒక గదిలో బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకే చోటు తగిలింది. మొదటి కొరింథీ 1వ అధ్యాయం, 26 నుంచి 29 వచనాలు. లోకంలో నీచులైనవాళ్ళనే దేవుడు ఏర్పరచుకున్నాడన్న భాగం. దాంతో సందేహం తీరింది. మాదిగలను చేర్చుకున్నారు, బ్రాహ్మణ పిల్లలు వెళ్ళిపోయారు. ఈ కథను మనం ఎన్నిసార్లు విన్నామో! ఎవరూ అడగని మాట ఒకటుంది. నిర్ణయం ఎవరు తీసుకున్నారు? దొర బైబిలు తెరవకముందే మాదిగలు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు గదా. వాళ్ళు రాకపోతే తెరవాల్సిన అవసరమే లేదు గదా. చరిత్ర మలుపు తిరిగింది గుమ్మం దగ్గర. పుస్తకం దాన్ని గదిలోకి తీసుకుపోయి దొర మనస్సాక్షికి పరీక్షగా మార్చింది. మనం ఆ పరీక్షలో ప్రశ్నాపత్రం అయ్యాం.

గుమ్మం దాకా నడిచొచ్చిన మనిషి యర్రగుంట్ల పేరయ్య. తోళ్ళ వ్యాపారం చేసే మాదిగ. తోళ్ళ కోసం ఏలూరు వైపు తిరిగినప్పుడు అక్కడ సువార్త విన్నాడు. అంతకుముందే రాజయోగం గురువుల దగ్గర కూర్చుని నేర్చుకున్నవాడు. 1866లో ఆయన, భార్య నాగమ్మ కలిసి బాప్తిస్మం తీసుకున్నారు. చుట్టుపక్కల ఊళ్ళ మాదిగలకు చెప్పింది ఆయన. అప్పటికి క్లౌ ఒంగోలులో ఇంకా స్థిరపడుతున్నాడు. దొర పేరయ్యను కనుక్కోలేదు, పేరయ్యే దొరలను వెతుక్కుంటూ వచ్చాడు. తోళ్ళ దారులే సువార్త దారులయ్యాయి. ఈ మాట క్లౌ పుస్తకమే ఒప్పుకుంటుంది, కానీ దాని మీద నిలబడదు.

నిలబడిన పుస్తకం ఎమ్మా 1899లో రాసింది. పాత బోధకుల నోట విని రాసింది. పేరు 'చెప్పులు కుడుతూ' అనే అర్థం వస్తుంది, కింద 'తెలుగు అంటరాని తెగ కథలు' అని ఉంటుంది. ఆ 'తెగ' అన్న మాట దగ్గరే మనకు పేచీ. మాదిగలు ఊరికి దూరంగా అడవిలో ఉన్న తెగ కాదు. ఊరి సేద్యం నడవాలంటే తప్పనిసరైన పనివాళ్ళు. అయినా, మాదిగల లోపలి ఆధ్యాత్మిక వెతుకులాటను ఇంత శ్రద్ధగా విన్న మిషన్ పుస్తకం ఇంకోటి లేదు. మాతంగి గురించి ఆమె రాసింది. తర్వాత 1915లో ఎల్మోర్ అనే మిషనరీ గ్రామదేవతల పుస్తకంలోనూ రాశాడు. జాతరలో మాతంగి పూనిన మాదిగ స్త్రీ పెద్దకులాల వాళ్ళ మీద ఉమ్మితే వాళ్ళు పుణ్యమని పట్టించుకుంటారు. మర్నాడు అదే స్త్రీ బావి దగ్గరికి పోతే కడవలు మైలపడతాయి. నోట్లో నీళ్ళు పవిత్రం, చేతిలో నీళ్ళు మైల. మన ఊళ్ళ కులనీతి మొత్తం ఇందులో ఉంది.

ఆ పుస్తకం పేరు మీద ఒక మాట. చెప్పులు కుట్టడం అంటే చదివే అమెరికా వాళ్ళకు ఒక ముచ్చటైన బొమ్మ. పని చేసుకుంటూ కథ చెప్పే ముసలాయన. మా మెట్టలో మాదిగ కుట్టిన అసలు సరుకు చెప్పులు కాదు, కపిల బాన. బోరింగులూ కరెంటు మోటార్లూ రాకముందు బావిలో నుంచి నీళ్ళు తోడి పైరుకు పెట్టింది ఎద్దులు, ఆ ఎద్దులు లాగింది తోలు బాన. తోలు తీసి, నానబెట్టి, ఊనబెట్టి, కుట్టి, చిరిగితే అతుకేసి, ఏడాదికింత గింజలని వెట్టికి కుదిరి రైతుకు ఇచ్చింది మాదిగ. రోజుకు వందసార్లు ఆ బాన బావిలో మునుగుతుంది. మాదిగ చెయ్యి పట్టి కుట్టిన తోలు నీళ్ళలో మునిగితే బావి మైలపడదు. మాదిగ మునిగితే పడుతుంది. ఊరికి చెప్పులు లేకపోయినా గడుస్తుంది, బాన లేకపోతే పైరు ఎండుతుంది. ఎమ్మా తన పుస్తకానికి బాన పేరు పెట్టి ఉంటే ఆ శీర్షికే ఒక విమర్శ అయ్యేది.

ఇంకోటి చూడండి. క్లౌ కొత్త విశ్వాసులకు పెట్టిన కట్టుబాట్లు మూడు. ఆదివారం పని చెయ్యకూడదు. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. విగ్రహాలకు మొక్కకూడదు. వినడానికి మతం మాటల్లా ఉన్నాయి. పల్లెలో వాటి అర్థం వేరు. ఆదివారం పని మానడం అంటే వెట్టికి ఒక రోజు అడ్డం పెట్టడం. గొడ్డు మాంసం మానడం అంటే ఊళ్ళో చచ్చిన పశువును ఈడ్చే బాధ్యత మాది కాదనడానికి మొదటి అడుగు. మొక్కననడం అంటే జాతరకు డప్పు కొట్టననడం. రైతులకు ఇది వెంటనే అర్థమైంది. గింజలు ఆపారు, పనులు ఆపారు, కేసులు పెట్టించారు. దాదాపు అరవై ఏళ్ళ తర్వాత అంబేద్కర్ మహద్ దగ్గర చచ్చిన గొడ్డు మాంసం మానండని చెప్పాడు, చౌదార్ చెరువు నీళ్ళు తాగి చూపించాడు. అది 1927 మార్చి 20. మన పల్లెల్లో మొదటిదానికి 1860ల్లోనే మొదలుంది. రెండోది మాత్రం మిషన్ ఎజెండాలో నాలుగో కట్టుబాటుగా ఎన్నడూ చేరలేదు. ముంచడానికి నీళ్ళు వెతికారు గానీ, తాగడానికి చెరువు మాది అనే మాటను సిద్ధాంతం చెయ్యలేదు.

కరువు దగ్గరికి వస్తే ఈ సంగతి ఇంకా తేటపడుతుంది. 1876-78 కరువులో మద్రాసు ప్రభుత్వం బకింగ్‌హాం కాలవ తవ్వించింది. తన పల్లెల వాళ్ళకు పని దొరకాలని క్లౌ మూడున్నర మైళ్ళ కాంట్రాక్టు తీసుకున్నాడు. బోధకులే మేస్త్రీలు. పగలు మట్టి, విరామంలో వాక్యం. కూలి కోసం మతం పుచ్చుకున్నారని తర్వాత వచ్చే నింద తనకు తెలుసు గనక క్లౌ కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. పని ముగిశాకే వెల్లంపల్లి. 'బియ్యం క్రైస్తవులు' అని నోరు పారేసుకునే హిందూత్వ పండితులు ఈ ఒక్క తేదీల క్రమం చూసుకుంటే చాలు. ఇంకో సంగతి. ఆ జూలై 3న నీళ్ళలో నిలబడి ముంచింది దొర కాదు. బోధకులు ఆరుగురు, ఇద్దరిద్దరు చొప్పున మార్చుకుంటూ ముంచారు. అంత పెద్ద అంకె నల్లచేతుల మీదుగా వచ్చింది. ఆ చేతులకు పుస్తకాల్లో క్లౌ పేరు తొడిగారు.

ఆ కాలవ ఏం కాలవ? పడవల కోసం తవ్విన కాలవ. పెదగంజాం నుంచి దక్షిణానికి అది సముద్రపు పోటుపాటులతో నిండే ఉప్పునీటి కాలవ. తాగడానికి రాదు, మడి తడపడానికి రాదు. నీళ్ళు లేక చస్తున్న జనం నోట్లో పోసుకోలేని నీళ్ళ కోసం మట్టి మోశారు. క్లౌ పుస్తకంలో ఇది దయాకార్యం. ప్రభుత్వ కాగితాల్లో సహాయక చర్య. దీన్ని దళిత అనుభవంగా మొదట రాసింది జి. కళ్యాణరావు, 2000లో వచ్చిన 'అంటరాని వసంతం' నవలలో. కరువుకు ఊరొదిలిన శివయ్య, శశిరేఖ ఆ కాలవ దగ్గరికి వస్తారు. అంటరానివాళ్ళని తెలిసి అక్కడి కులాల వాళ్ళు పనిలోకి రానివ్వరు. కరువులో కూడా మట్టికి కులం ఉంది. వాళ్ళను చేరదీసేది మార్టిన్ అనే దళిత క్రైస్తవుడు. క్లౌ పుస్తకంలో కాంట్రాక్టు ఎందుకు తీసుకోవాల్సి వచ్చిందన్న ప్రశ్నకు నవల కడుపులోంచి జవాబు చెప్పింది.

కళ్యాణరావు మీద కూడా నాకు ఒక ఫిర్యాదు ఉంది. రూతు జ్ఞాపకాల గుండా నడిచే ఆ నవల, పాటనూ వీధి భాగవతాన్నీ ఎంత ప్రేమగా చూసిందో గుడిని అంత ప్రేమగా చూడదు. గుడి ఒక మజిలీ, అక్కణ్ణుంచి విప్లవానికి పోవాలి. రచయిత రాజకీయం ఆయనది. కానీ పల్లెలో గుడి మజిలీ కాదు. చాలా చోట్ల పల్లె జనం సొంతంగా కట్టుకుని, సొంతంగా లెక్కలు రాసుకుని, సొంతంగా పోట్లాడుకున్న మొదటి సంస్థ అది. ఆడవాళ్ళు పొయ్యి మీద ఎసరు పెట్టేముందు తీసిపెట్టిన పిడికెడు బియ్యంతో పంతులు బతికాడు. బాప్టిస్టు సిద్ధాంతంలో ప్రతి స్థానిక సంఘం స్వతంత్రం, పైన బిషప్పు లేడు. పంచాయతీలో అరుగెక్కనివ్వని మనిషి గుళ్ళో చెయ్యెత్తి ఓటేశాడు. దొరల పుస్తకాలూ విప్లవ నవలా రెండూ దీన్ని తక్కువగా చూశాయి. సిద్ధాంతంలో ఉన్న స్వతంత్రం ఆస్తుల్లో లేదన్నది వేరే కథ. భూములూ బంగళాలూ మిషన్ చేతుల్లో, 1962లో తెలుగు బాప్టిస్టు సంఘముల సమావేశం ఏర్పడ్డాక దాని చేతుల్లో. ఆ ఆస్తుల మీద కోర్టు తగాదాలు పల్లె గుడికి ఒక్క ఇటుక కూడా ఇవ్వలేదు.

మనలో మనకున్న నీళ్ళ సంగతి కూడా చెప్పకపోతే ఈ వ్యాసం అబద్ధం అవుతుంది. మాలలకో బావి, మాదిగలకో బావి. రక్షణ పొందాక కూడా బావులు రెండే. గుళ్ళు కూడా రెండే, మాలపల్లెలో ఒకటి, మాదిగపల్లెలో ఒకటి. ఒకే మిషన్, ఒకే పాటల పుస్తకం, ఒకే రామాయపట్నం సెమినరీలో చదివిన పాస్టర్లు, ప్రభువు బల్ల మాత్రం వేరు. క్లౌ ఉద్యమం ప్రధానంగా మాదిగ ఉద్యమం. దాన్ని మొత్తం 'తెలుగు క్రైస్తవ' ఉద్యమంగా చెప్పుకోవడంలో మాదిగల పేరు కనుమరుగైంది. 1994లో దండోరా ప్రకాశం జిల్లా ఈదుమూడిలో పుట్టిందంటే, అది క్లౌ బోధకులు కాళ్ళరిగేలా తిరిగిన నేలే అన్నది యాదృచ్ఛికం అని నేననుకోను. చేతులెత్తి ఓటేసిన అలవాటుకు ఒక చరిత్ర ఉంటుంది.

మన ప్రసంగాలే నీళ్ళను ఎట్లా దాటవేస్తాయో చెప్తా. యోహాను సువార్త 4వ అధ్యాయంలో సమరయ స్త్రీ కథ వినని బాప్టిస్టు పల్లె లేదు. మన పాస్టర్లు దాన్ని ఆమె అయిదుగురు భర్తల మీద నడుపుతారు. పాపం, పశ్చాత్తాపం, ఆడవాళ్ళకు హితవు. ఆ కథలో ఆ స్త్రీ నోట వచ్చే మొదటి మాట భర్తల గురించి కాదు. యూదుడివి, నన్ను నీళ్ళు ఎట్లా అడుగుతున్నావు అని. తక్కువజాతి కడవలో నీళ్ళు పైజాతి మనిషి తాగడమా అన్న ఆశ్చర్యం. ఈ వాక్యం మన పల్లె ఆడవాళ్ళకు వివరించి చెప్పాల్సిన పనే లేదు, బిందె చంకనేసుకుని పోయి ఎవరో ఒకరు పోస్తారేమో అని బావి పక్కన గంటలు నిలబడ్డవాళ్ళకు. మగ పాస్టరుకు అది కనపడదు. నీళ్ళు మోసేది ఆయన కాదు గదా.

ఈ మాట ప్రసంగంలో చెప్పకపోయినా ఒక మాదిగ స్త్రీ బతుకులో చెప్పింది. 1985 జూలైలో కారంచేడులో, తాము తాగే నీళ్ళ చెరువును కమ్మ యువకులు గేదెల కుడితితో పాడుచేస్తుంటే అభ్యంతరం చెప్పిన మున్నంగి సువార్త. జూలై 17న మాదిగపల్లె మీద దాడి జరిగింది, ఆరుగురు మాదిగలను చంపారు. తెలుగు దళిత ఉద్యమం అక్కణ్ణుంచి లేచింది. ఆమె పేరు చూడండి: సువార్త. నూరేళ్ళ మిషన్ ఆ పల్లెకు ఇచ్చిన పేరు. కారంచేడు మీద మనం వందల పేజీలు రాశాం. కమ్మ పెట్టుబడి గురించి, హరిత విప్లవం గురించి, రాజకీయ అధికారం గురించి. ఆ పేరు మీద ఒక్క పేరా రాయడానికి మొహమాటపడ్డాం. మతం మాట్లాడితే ఎడమవైపు మిత్రులు నవ్వుతారనో, కుడివైపు వాళ్ళకు సర్టిఫికెట్ల మీద ఆయుధం ఇచ్చినట్టవుతుందనో.

ఆ రెండో భయం ఉత్తి భయం కాదు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులు కానివాళ్ళను షెడ్యూల్డు కులాల జాబితా నుంచి తీసేసింది. 1956లో సిక్కులను చేర్చారు, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులకు తలుపు తెరవలేదు. ఆంధ్రలో మనల్ని బి.సి.–సి లో పెట్టి 1 శాతం ఇచ్చారు. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ మతం అడ్డు తీసెయ్యమని చెప్పింది. 2022లో బాలకృష్ణన్ కమిషన్ వేశారు. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ తీర్మానం చేసింది. 2024 నవంబరులో సుప్రీంకోర్టు పుదుచ్చేరికి చెందిన ఒక కేసులో, బాప్తిస్మం పొంది చర్చికి పోతూ ఉద్యోగం కోసం ఎస్సీ హోదా అడగటం రాజ్యాంగాన్ని మోసం చెయ్యడమే అంది. 2025 ఏప్రిల్ 30న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు గుంటూరు ప్రాంతంలోని ఒక పాస్టరు కేసులో, క్రైస్తవుడైన మనిషికి అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ వర్తించదంది. ఏ చట్టం? కారంచేడు, ఆ తర్వాతి పోరాటాల వేడిలో 1989లో వచ్చిన చట్టం.

ఇక్కడ బాప్టిస్టుకు మిగతావాళ్ళకు లేని చిక్కు ఒకటుంది. పసిపిల్లకు చిలకరింపు జరిగితే నాకు తెలియకుండా జరిగిందనవచ్చు. బాప్టిస్టు అట్లా అనలేడు. తెలిసి, నమ్మి, పదిమందిలో సాక్ష్యం చెప్పి, తన కాళ్ళ మీద తాను నీళ్ళలోకి నడిచాడు. సంఘం రిజిస్టరులో తేదీ వేశారు. ఒకప్పుడు ఆత్మగౌరవానికి రుజువైన ఆ నీళ్ళు ఇవాళ కోర్టులో నేరానికి రుజువు. అందుకని ఏమవుతోంది? పిల్లలు గుడికొస్తారు, పాటలు పాడతారు, కానుక వేస్తారు, క్రిస్మస్‌కు నాటకం ఆడతారు, బాప్తిస్మం మాత్రం ఉద్యోగం వచ్చేదాకా వాయిదా. గుళ్ళో ఒక పేరు, కాగితంలో ఒక పేరు. యూనివర్సిటీ దాకా వచ్చిన మొదటి తరం వాళ్ళం మేము ఈ సంగతి బయటికి మాట్లాడం. మా సీట్ల వెనక ఆ కాగితం ఉంది. దీన్ని వెన్నెముక లేనితనం అని పాస్టర్లు తిడతారు, మోసం అని కోర్టులంటాయి. ఆకలికీ దేవుడికీ మధ్య ఒకదాన్ని ఎంచుకోమని దేశం మాలమాదిగలను మాత్రమే అడగటాన్ని ఏమంటారో ఎవరూ చెప్పరు. మతం మారినా ఊళ్ళో రెడ్డికి నేను ఏ పేటవాణ్ణో మర్చిపోవడం జరగదు. ఆ జ్ఞాపకం కోర్టులకే ఉండదు.

పల్లె గుడుల చరిత్ర రాయడానికి మన పిల్లలు ఇప్పుడు కొందరు ముందుకొస్తున్నారు, టేపులు పట్టుకుని పెద్దవాళ్ళ దగ్గరికి పోతున్నారు. మంచిది. అడిగే ప్రశ్నలు మాత్రం ఇంకా డౌనీ ప్రశ్నలే: ఏ ఏడాది గుడి కట్టారు, ఏ దొర వచ్చాడు, సభ్యులెంతమంది. వాటి పక్కన ఇంకొన్ని రాసుకోవాలి. మొట్టమొదట ముంచింది ఎక్కడ? చెరువులోనా, వాగులోనా, ఎవరి బావిలో? ఆ బావి రైతు ఒప్పుకున్నాడా, పగలు ముంచారా, తెల్లవారుజామున ఎవరూ లేవకముందా? ఆ తర్వాత ఆ రేవులో ఊరివాళ్ళు దిగడం మానేశారా? సిమెంటు తొట్టి ఎప్పుడు కట్టారు, దానికి ముందేం జరిగింది? తొట్టిలోకి నీళ్ళు మోసింది ఎవరు? ఈ ప్రశ్నలకు రిజిస్టర్లలో గడి లేదు. జవాబులు ఉన్నది ఎనభై దాటిన ఆడవాళ్ళ దగ్గర. జలదంకి, కలిగిరి, వింజమూరు పల్లెల్లో అట్లాంటి వాళ్ళు ఏటా తగ్గిపోతున్నారు.